గాజు అంటే ఏ గాజు

ముందే ఒప్పేసుకుంటాను. ఈ కథలో మందు గెలవదు, మనిషీ గెలవడు. చివర్లో ఏదో ఊరట దొరుకుతుందని ఓపిగ్గా చదివి, ఆఖరికి నన్ను తిట్టుకోకండి. ఊరట కోసం నేనూ వెతికాను. రెండు మూడు నవ్వులు దొరికాయి, అంతే. వాటిని ఎక్కడివక్కడే ఉంచాను.

సమ్రీన్‌ది కడప. ఒమన్‌లో సలాలా పక్కనున్న రైసూత్‌లో, ఓడరేవు క్రేన్లు కనబడేంత దగ్గర్లో, ఇంజెక్షన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. చేతిలో ఉన్నది ఒక ప్రోటీన్ మందు. ప్రోటీన్ మందులంత నాజూకు సరుకు ఇంకోటి ఉండదు. ఎండ పడదు, కుదుపు పడదు, ఫ్రిజ్ తలుపు కాసేపు తెరిచి ఉంచినా అలుగుతుంది. ఎడారి ఊళ్ళ క్లినిక్‌లకు వ్యాన్‌లో వెళ్ళేసరికి మందు పాడైపోతోందని, కాస్త వేడిని తట్టుకునేలా దాన్ని మార్చమని మస్కట్‌లో ఖురం దగ్గరున్న హెడ్డాఫీసు ఈమెకు అప్పజెప్పింది. ఇచ్చింది ఒక గది, నలుగురు మనుషులు. ఆ గదిని పైలట్ రూమ్ అంటారు. అసలు ఫ్యాక్టరీకి అది బొమ్మరిల్లు లాంటిది, కొంచెం కొంచెంగా తయారుచేసి చూసుకోవడానికి.

ఆ నలుగురిలో ఒకడు ఇస్తారి. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి. గల్ఫ్‌కి వచ్చిన దగ్గర్నుంచీ సైట్లలో ఇనుపరాడ్లు కట్టే పనే చేశాడు. ఎండలో నీళ్ళు సరిగ్గా తాగక, తాగినవి చెమటగా పోయి, కిడ్నీలు సగానికి వచ్చాయి. ఇంకో ఎండాకాలం సైట్లో పనిచేస్తే మిగిలిన సగమూ పోతుందని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పాడు. ఇస్తారి ఈ కంపెనీ మనిషి కాదు, మనుషుల్ని అద్దెకిచ్చే కాంట్రాక్టర్ మనిషి. ఆ కాంట్రాక్టర్ అదృష్టవశాత్తూ అతన్ని ఇక్కడ వరండాలు తుడవడానికి పంపాడు. తుడుస్తూ ఫోన్లో భార్య యాదవ్వతో మాట్లాడుతుంటే ఆ తెలుగు విని సమ్రీన్ ఆగిపోయింది. పరిచయమైంది. కిడ్నీల సంగతి తెలిసింది. మేనేజర్ వెంటపడి అతన్ని పైలట్ రూమ్‌లోకి వేయించుకుంది. తల నుంచి కాలి దాకా తెల్లని సూటు, ఏసీ, చల్లని గది. ఆ గది నడిచినన్నాళ్ళు ఇస్తారి నీడలో ఉంటాడు. గది మూతపడితే కాంట్రాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి సైటుకి, ఎండలోకి. ఇది ఆమెకు తెలుసు, అతనికి తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

గాజు అనే మాట పుట్టింది అతనికి పని నేర్పిన మొదటి వారంలోనే. మందు వేడికి తట్టుకోవడానికి అందులో కలిపే తెల్లటి పొడి పేరు సైక్లోడెక్స్‌ట్రిన్. ఇస్తారి ఆ పేరు పలకబోయి మధ్యలో దగ్గాడు. సమ్రీన్‌కి నవ్వొచ్చింది. లోపలికి నగలు వేసుకెళ్ళకూడదు కాబట్టి లాకర్లో దాచుకున్న గాజుల్లోంచి ఒకటి తెచ్చి చూపించింది. ప్రోటీన్ అంటే ముడుచుకున్న పొడవాటి దారం లాంటిదని, దాని జిడ్డు భాగాలు లోపలికి దాగి ఉంటాయని చెప్పింది. వేడి తగిలితే ముడి వదులై ఆ జిడ్డు బయటికొస్తుంది, పక్కదాని జిడ్డుని పట్టుకుంటుంది, అలా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి, మందు మబ్బు పట్టినట్టు అవుతుంది. ఈ పొడి ఉందే, ఇది చక్కెరలు చేయీ చేయీ కలిపి కట్టిన చిన్న రింగు. బయటి వైపు నీళ్ళంటే ఇష్టం, లోపలి ఖాళీకి జిడ్డంటే ఇష్టం. బయటికొచ్చిన జిడ్డు ముక్క మీదికి వెళ్ళి గాజులా ఎక్కి కూర్చుంటుంది. ఇక అది పక్కదాన్ని పట్టుకోలేదు.

"అంటే చేతికి గాజు తొడిగితే ఇంకోని చెయ్యి పట్టుకోదంటరు."

"అంతే అన్నా."

"మా దిక్కు గాజులు తొడిగినంకనే చెయ్యి పట్టుకుంటరు మేడం. మీ సైన్సు జర ఉల్టా ఉన్నది."

ఆ రోజు నుంచి తెలుగువాళ్ళ మధ్య ఆ పొడి పేరు గాజు. గాజు డ్రమ్ము, గాజు తూకం, గాజు అయిపోవచ్చింది. ఇస్తారి ఈ సంగతి యాదవ్వకి కూడా చెప్పాడు. ఆమె దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకుని, మా ఆయన మస్కట్ల గాజుల కంపెనీల పనిచేస్తుండని వాడకట్టంతా చెప్పుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు చేతి సైజులు పంపడం మొదలుపెట్టారు. సలాలాకీ మస్కట్‌కీ మధ్య వెయ్యి కిలోమీటర్ల ఎడారి ఉందని, తాను గాజులు అమ్మట్లేదని చెప్పే ఓపిక ఇస్తారికి లేకపోయింది.

తర్వాత సమ్రీన్‌ని ఒక నెల ట్రైనింగ్‌కి మస్కట్ పిలిచారు. ఘుబ్రాలో అక్క అస్రా ఇంట్లో ఉండి వెళ్ళొచ్చింది. ఆ నెలలో పైలట్ రూమ్‌లో చిన్న మార్పు జరిగింది. మందు నింపే సీసాల్లో ప్లాస్టిక్‌వి కూడా వాడి చూద్దామని కంపెనీ కొన్ని తెప్పించింది. దాంతో సీసాలు రెండు రకాలయ్యాయి. ఇస్తారి, అతని జోడీ లచ్చన్న వాటిని ఎలా పిలుచుకుంటారు? ఒకటి ప్లాస్టిక్, ఇంకోటి గాజు. పనిచేసే చోట మాట ఎటు అవసరమైతే అటు జరిగిపోతుంది, ఎవరినీ అడగదు. ఆ నెలలో గాజు డ్రమ్ములోంచి లేచి వెళ్ళి సీసాల పెట్టెలో కూర్చుంది. తిరిగొచ్చిన సమ్రీన్‌కి ఆ మాట ఇల్లు మారిందని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతని ఎవరికీ అనిపించలేదు.

అదే సమయంలో ఓడలో ఒక కంటైనర్ వచ్చింది. అందులో ఆ తెల్ల పొడి ఉన్న కొత్త డ్రమ్ము ఒకటి ఉంది, గాజు సీసాల కొత్త పెట్టెలూ ఉన్నాయి. రెండింటికీ ల్యాబ్ పరీక్షలయ్యాయి, రెండూ పాస్. పెద్ద బ్యాచ్ కొత్త సరుకుతో చేయాలని కాగితం తయారైంది. మస్కట్ వాళ్ళు ఆ బ్యాచ్ చూశాకే ప్రాజెక్టు సంగతి తేలుస్తామన్నారు.

సమ్రీన్‌కి ఒక చెడ్డ అలవాటు ఉంది, పాసైనదాన్ని కూడా నమ్మదు. కొత్త పొడిని, పాత పొడిని వేరువేరుగా మందులో కలిపి, వేడి పెట్టెలో ఊపుతూ ఉంచింది. మందుని సన్నని గొట్టం గుండా పంపి కొలిచే మెషీన్ ఒకటి ఉంటుంది. మందు బాగుంటే గ్రాఫ్‌లో ఒకటే కొండ వస్తుంది. ఉండ కట్టిందంటే ఆ కొండ ముందు చిన్న బొడిపె లేస్తుంది. పాత పొడికి ఒకటే కొండ. కొత్త పొడికి బొడిపె. ఆ ఫలితం వచ్చింది సరిగ్గా బ్యాచ్ చేసే రోజు పొద్దున. అప్పటికే ఇస్తారి వాళ్ళు సూట్లు వేసుకుని లోపలున్నారు. డ్రమ్ము మార్చాలంటే మస్కట్ సంతకం కావాలి, సంతకం వచ్చేసరికి గది ఇంకో పనికి వెళ్ళిపోతుంది. ముందు మార్చేద్దాం, కాగితం తర్వాత చూసుకుందాం అనుకుంది. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళరు కాబట్టి అద్దాల కిటికీ దగ్గరికి పరుగెత్తి, స్పీకర్ బటన్ నొక్కింది.

"ఇస్తారన్నా, కొత్త గాజు వద్దు. పాత గాజే వాడు."

ఇస్తారి కళ్ళు తప్ప ఏమీ కనబడని ఆ తెల్లటి సూటులోంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆమె గుండె మీద చెయ్యేసుకుని వెళ్ళి చాయ్ తాగింది.

బ్యాచ్ తయారైంది. సీసాల్ని వేడి పెట్టెలో పెట్టారు. కొన్ని వారాలకు తీసి నల్ల అట్ట ముందు పట్టుకుని చూస్తే, ప్రతి సీసాలోనూ దూది నలిపి వేసినట్టు పీచు తేలుతోంది. సమ్రీన్ ఒకటి చూసింది, పది చూసింది, తర్వాత చూడటం మానేసింది. పాత పొడి కూడా పనిచేయలేదంటే తన రెండేళ్ళ పని మొత్తం తప్పు. టాయ్‌లెట్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుంది. అద్దంలో మొహం బాగాలేదని మళ్ళీ కడుక్కుంది. తర్వాత ఇస్తారిని స్టోర్ దగ్గర పట్టుకుంది.

"ఆ రోజు గాజు మార్చినావు కదన్నా?"

"మార్చిన మేడం. అన్నీ పాతయే. ఒక్కొక్కటి ఎత్తి ఎలుగుకు చూసి మరీ పెట్టిన."

ఒక్కొక్కటి. ఆ మాట దగ్గర సమ్రీన్ ఆగిపోయింది. డ్రమ్ము ఒక్కటే ఉంటుంది. ఒక్కొక్కటిగా ఎత్తి చూసేవి డ్రమ్ములు కావు. ఆమె స్టోర్‌లోకి వెళ్ళి చూసింది. పాత డ్రమ్ము మూత మీద తాను అంటించిన టేపు అంటించినట్టే ఉంది. కొత్త డ్రమ్ము సగానికి దిగింది. పక్క అరలో కొత్త సీసాల పెట్టెలు ప్లాస్టిక్ కవర్ కూడా చింపకుండా, ఇస్తారి చేసే ప్రతి పనిలాగే, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. అతను చెప్పింది చెప్పినట్టే చేశాడు. అసలు సమస్య అదే.

క్వాలిటీ మేనేజర్ రఘుపతి తెనాలి మనిషి. ఆయనకి సమ్రీన్ అంతా చెప్పింది, గాజు పుట్టుక దగ్గర్నుంచి. ఆయనకి అర్థమైంది, అదొక్కటే ఈ విషయంలో జరిగిన మంచి. ముందు నవ్వాడు. నవ్వుతూనే నీరసపడ్డాడు.

"ఇంగ్లీషులో దీనికి రెండు మాటలున్నాయి సమ్రీన్. చేతి గాజుకొకటి, సీసా గాజుకొకటి. రెంటికీ తేడా తెలియలేదని రాస్తే మస్కట్ వాళ్ళు మనిద్దరికీ పిచ్చాసుపత్రిలో అపాయింట్‌మెంట్ తీసుకుంటారు."

తర్వాత తలుపు మూసి, గొంతు తగ్గించి ఇంకో దారి చెప్పాడు. ఆపరేటర్ చెప్పకుండా సీసాలు మార్చాడు, బ్యాచ్ పాడైంది, అని రాసి వదిలేద్దాం. అతనికి ఒక వార్నింగ్, ఒక రోజు ట్రైనింగ్. పాత డ్రమ్ముతో బ్యాచ్ మళ్ళీ తిప్పుకుందాం. గది నడుస్తుంది, మనిషి గదిలోనే ఉంటాడు.

"పొడి బాలేదని రాశావనుకో, అది ఇస్తారి దగ్గర ఆగదమ్మా. ప్రాజెక్టు దాకా పోతుంది. ఆలోచించుకో."

"మాట చెప్పింది నేను సార్. చెయ్యని తప్పుకి ఆయన పేరు ఎట్ల రాస్తాం?"

"నువ్వనేది తప్పు అనట్లేదు. ఆలోచించుకోమంటున్నాను."

ఆమె ఆలోచించింది, నిజంగానే. ఈ డ్రమ్ము ఒక్కటే కాదు, రేపు ఇలాంటివి ఇంకా వస్తాయి. అన్నీ పాసవుతూనే వస్తాయి. ఏదో ఒకరోజు ఆ దూది పీచు ఎవరి నరంలోకో వెళ్తుంది. ఇక ఇస్తారి. అంచులు కలిపి పెట్టెలు పేర్చే మనిషి పేరు పక్కన నిర్లక్ష్యం అనే మాట ఆమె రాయలేదు. ఇవి రెండూ మంచి కారణాలే. మూడోది కూడా ఉంది, దాన్ని ఆమె అప్పుడు గుర్తుపట్టలేదు. తన లెక్క తప్పు కాదని, తన గాజు పనిచేస్తుందని లోకానికి చూపించాలని ఉంది.

చూపించింది. పాత సీసాల్లో ఉత్త నీళ్ళు పోసి వేడి చేసి, ఒక్క పీచు లేదని తేల్చింది. పాత పొడి, పాత సీసా: ఒకటే కొండ. పాత పొడి, కొత్త సీసా: ఒకటే కొండ. కొత్త పొడి ఎందులో వేసినా బొడిపే. కొత్త డ్రమ్ములో పెరాక్సైడ్ అనే మలినం రవ్వంత ఉందని, మామూలు పరీక్షకు అది దొరకదని, ఆ రవ్వంతే ప్రోటీన్‌ని కాలుస్తోందని కూడా పట్టుకుంది. కిటికీ దగ్గర నోటిమాటగా చెప్పింది తానేనని కూడా రాసింది. ఉద్యోగంలో ఆమె రాసిన వాటన్నిటిలోకి అందమైన రిపోర్టు అది. మస్కట్ పంపే ముందు రఘుపతి చదివి, సంతకం చేసి, ఆమె వైపు చూడకుండా తిరిగిచ్చాడు.

ఆ మధ్యలో ఆమె ఒక్కసారి కూడా ఇస్తారిని అడగలేదు. ఆయన కోసమే కదా రాస్తున్నాను అనుకుంది. ఎవరి కోసం రాస్తామో వాళ్ళని అడగాలని తోచకపోవడం చదువుకున్నవాళ్ళకి వచ్చే జబ్బు. దానికి తొడగడానికి ఏ గాజూ లేదు.

మస్కట్ జవాబు మర్యాదగా వచ్చింది. ఏ డ్రమ్ము వస్తుందో దాన్నిబట్టి బతికేది మందు కాదు, లాటరీ అన్నారు. ప్రాజెక్టు ప్రస్తుతానికి ఆపారు. ప్రస్తుతానికి అనే మాటని ఆఫీసుల్లో ఎందుకు వాడతారో తెలిసిందే కదా. పైలట్ రూమ్‌కి తాళం, కాంట్రాక్టర్ మనుషులు వెనక్కి. లోపాన్ని ఇంత బాగా పట్టుకున్నందుకు సమ్రీన్‌కి అభినందనలు. ఆ మెయిల్‌కి ఆమె థ్యాంక్స్ అని జవాబిచ్చింది. ఇవ్వకపోతే బాగుండదు కాబట్టి.

ఇస్తారికి క్యాంటీన్‌లో చెప్పింది. అతను రెండు చేతులతో చాయ్ కప్పు పట్టుకుని విన్నాడు.

"నా పేరు మీద ఏం లేదా మేడం?"

"ఏం లేదన్నా. నీ తప్పు ఒక్కటి కూడా లేదని రాసినా. వాళ్ళూ ఒప్పుకున్నారు."

"మంచిగైంది."

చాయ్ చల్లారిపోయింది. అతను కప్పులోకే చూస్తూ అడిగాడు.

"తప్పు నాదే అని రాస్తే రూమ్ ఉండునా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు టైమ్ దొరికింది. నోరు రాలేదు. అవునన్నట్టు తల ఊపింది.

"నన్నొక్క మాట అడిగితె అయిపోవు గద మేడం. తప్పే గద, మోస్తుంటి. రాడ్ల కన్న బరువుంటదా?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె క్షమాపణ అడిగేది, ఆయన పోనీలే అనేవాడు, ఇద్దరూ ఏడ్చేవాళ్ళు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు.

తర్వాత ఆమె చేయాల్సినవన్నీ చేసింది. ప్యాకింగ్‌లో వేయమని రఘుపతిని అడిగింది, ఖాళీ లేదు. నీడ పట్టున ఏదైనా పని ఇవ్వమని కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. డాక్టర్ చీటీ చూపించమన్నాడు. చూపిస్తే పనికి పనికిరాడని రాసి ఇంటికి పంపుతారని ఇస్తారి ఆ చీటీ మడిచి లోపల పెట్టేశాడు. ఇంటికి పోయి చేసేదేముంది, కిడ్నీలు అక్కడైనా ఇవే కదా అన్నాడు. అస్రా ఘుబ్రాలో తెలిసినవాళ్ళందరినీ అడిగి చూసింది. అందరూ చూద్దాం అన్నారు.

సైటు పడింది కొండల అవతల ఎడారిలో, తుమ్రైత్ ఊరు దాటాక, రోడ్డు పని. సామానుతో వ్యాన్‌లో పోతానంటే సమ్రీన్ వినలేదు, తన కారులో ఎక్కించుకుంది. సలాలాలో అప్పుడు ఖరీఫ్. ఇక్కడ ఖరీఫ్ అంటే తుంపర్లు, కొండ నిండా పచ్చదనం, చలువ కోసం గల్ఫ్ అంతటి నుంచీ వచ్చే జనం. రోడ్డు పక్కన కుటుంబాలు చాపలు పరిచి, కావాలనే తడుస్తూ కూర్చున్నాయి.

"మా దిక్కు ఖరీఫ్ అంటే నాట్లేసుడు మేడం. ఈళ్ళకేమో చాపలేసుడు." బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "ఏ మాటను నమ్మేటట్టు లేదు."

ఆమె నవ్వలేకపోయింది. కొండ ఎక్కుతుంటే పొగమంచు కమ్మింది, లైట్లు వేసుకుని మెల్లగా నడిపింది. కొండ మీద ఒక మలుపు దగ్గర పొగమంచు గీత గీసినట్టు ఆగిపోతుంది. ఇటువైపు గడ్డి, అటువైపు మట్టి. ఆ గీత దాటగానే ఎండ అద్దం మీద పడింది. ఇస్తారి తువ్వాలు తీసి కారులోనే తలకు చుట్టుకున్నాడు. సమ్రీన్ ఏసీ పెంచింది. ఇంకేం చేయాలో ఆమెకు తెలియలేదు.

అప్పుడే యాదవ్వ ఫోన్ చేసింది.

"ఆఁ, డ్యూటీలనే ఉన్న. గాజుల కంపెనీలనే, ఇంకేడికి పోత. సల్లగనే ఉన్నది. ఆ సప్పుడా? ఏసీదే. ఇనవడ్తుందా నీకు?"

ఫోన్‌ని ఏసీ జల్లెడ దగ్గర పెట్టి కాసేపు వినిపించాడు. సమ్రీన్ రోడ్డు వైపే చూస్తూ ఆ కాసేపు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు.

సైటు దగ్గర రేకుల షెడ్లు రెండు, ఒక నీళ్ళ ట్యాంకర్, రాడ్ల గుట్ట. ఇస్తారి దిగి, బ్యాగు భుజానికేసుకుని, ఎండలో నిలబడకుండా పొమ్మని ఆమెకే చెప్పాడు. రాడ్ల గుట్టని చూసిన చూపులో మాత్రం, పాత చుట్టాన్ని చూసినప్పుడు కలిగే విసుగు కనబడింది. ఆమె కారు తిప్పుకుని మళ్ళీ ఆ గీత దాటి, పొగమంచులోకి వచ్చాక పక్కకు ఆపుకుంది. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టేదాకా అక్కడే ఉంది.

ఇప్పుడు ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళు ఆ పొడి ఏమిటని అడిగితే సమ్రీన్ బోర్డు మీద బొమ్మ గీస్తుంది. సైక్లోడెక్స్‌ట్రిన్ అని మొత్తం పేరు పలికిస్తుంది, దగ్గొచ్చినా సరే. దేనితోనూ పోల్చదు. ఇస్తారికి అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది, నీళ్ళు తాగుతున్నావా, రక్తపరీక్ష చేయించుకున్నావా అని. ప్రతిసారీ జవాబు ఒకటే వస్తుంది, మంచిగనే ఉన్న మేడం అని. మొదట్లో వెంటనే వచ్చేది. ఈమధ్య రెండు మూడు రోజులు పడుతోంది. ఆ మంచిగనే అంటే ఏ మంచిగనో ఆమెకు తెలియదు. అడగాలంటే భయం.

నాకు తెలిసింది ఇంతే. మీ దగ్గరా ఇలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. ప్రేమగా ఎవరికో నేర్పితే వెళ్ళి వాళ్ళ మీదే పడింది, లేదా ఒకరి మేలు కోసమని వాళ్ళనే అడక్కుండా మీరు గట్టిగా చెప్పేసింది. ఆ మాటేమిటో, ఎవరి మీద పడిందో నాకు రాయండి. ఊరటగా ముగియాలనేం లేదు. ముగియకపోయినా చదువుతాను.